పెంకు తిరగేసిన వేసవి

పెంకు వీపు మీద 1865 అని ఉంది. పైన ఇంగ్లిషులో కంపెనీ పేరు, కింద ఆ నాలుగంకెలు. వంటింటి వసారా మీంచి దింపిన మొదటి వరసలోనే దొరికింది. బాబాయి దాన్ని తువ్వాలుతో తుడిచి, ఎండకి వంచి చూసి, "నూట అరవై ఏళ్ల ఇల్లురా ఇది. నేను చెబితే ఒక్కడూ నమ్మలేదు" అన్నాడు. మధ్యాహ్నం భోజనాల వేళకి వీధి మొత్తానికి తెలిసిపోయింది. రాత్రికి డాలస్‌లో ఉన్న తమ్ముడికి ఫొటో వెళ్లింది. వాడు దాన్ని ఆఫీసులో కూడా చూపించాడట.

ఆ సంబరం పాడుచేసింది నేనే. అది ఇల్లు కట్టిన ఏడాది కాదు, ఆ పెంకు చేసిన ఏడాది కూడా కాదు. బాసెల్ మిషన్ వాళ్లు మంగుళూరులో, నేత్రావతి ఒడ్డు బంకమట్టితో పెంకుల ఫ్యాక్టరీ మొదలుపెట్టిన ఏడాది. మిఠాయి దుకాణం బోర్డు మీద 'స్థాపితం' అని రాసుకున్నట్టు, దాన్ని ఆ తర్వాత కూడా పెంకుల మీద అచ్చేస్తూ పోయారు. బయట మంగుళూరు పెంకు అనేదాన్నే మనవైపు బంగాళా పెంకు అంటాం. ఇదంతా చెబితే బాబాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సరే, నూట అరవై ఏళ్ల కిందట పెట్టిన కంపెనీ పెంకు అని చెబుతాలే" అన్నాడు. ఆ పెంకు మళ్లీ కప్పు ఎక్కలేదు. సావిడిలో టీవీ పక్కన నిలబెట్టి ఉంది.

మా ఇల్లు పామర్రు నుంచి గుడివాడ వెళ్లే దారిలో, రోడ్డు దిగి కాలవగట్టు వెంట కొంత దూరం పోతే వచ్చే ఊళ్లో ఉంది. మండువా లోగిలి అనుకునేరు, అంత వైభవం లేదు. వీధి వైపు అరుగులు, పంచ, లోపల సావిడి, దానికి రెండు పక్కలా గదులు, వెనక వసారాతో వంటిల్లు, అది దాటితే పెరడూ నుయ్యీ. సావిడికి టేకు దూలాలు. మిగతా గదులన్నిటికీ తాటి దూలాలే. ఏ గది పంట బాగా పండిన ఏడాది కట్టారో, ఏది అప్పు చేసి కట్టారో తలెత్తి చూస్తే చాలు. ధాన్యం కొట్టు మీద మాత్రం పాత గూన పెంకులు, కుమ్మరి చక్రం మీద తీసి సగానికి కోసినవి.

ఇలాంటి ఇళ్లు మా చుట్టుపక్కల ఊళ్లలో వీధికి నాలుగైదు ఉండేవి. ఇప్పుడు ఊరికి ఒకటో రెండో, వాటికీ తాళాలే. అన్నదమ్ముల్లో ఒకరు హైదరాబాదులో, ఒకరు అమెరికాలో, ఒకరు విజయవాడ అపార్ట్‌మెంటులో ఉంటారు. ముందు కలప బేరం అవుతుంది. ద్వారబంధాలు, తలుపులు, దూలాలు లారీ ఎక్కుతాయి. గోడలు కూల్చడానికి ఒక్క పూట చాలు. మా ఇంటికీ ఆ ముహూర్తం వచ్చింది. 2023లో ఒక కాంట్రాక్టరు వచ్చి, చెప్పులు విప్పకుండానే లోపలంతా తిరిగి, "కలప వరకు ఉంచుకోండి, మిగతాది చదును చేసి స్లాబేసేద్దాం" అన్నాడు. మేం దాదాపు సరే అన్నాం. ఎవరి మనసూ ఒప్పుకోలేదనీ, రాత్రంతా నిద్రపట్టలేదనీ రాస్తే బాగుంటుంది గానీ, అలా ఏం జరగలేదు. వాన పడితే సావిడిలో అయిదు బక్కెట్లు పెట్టే ఇంటి మీద ఎవరికైనా ఎంత ప్రేమ ఉంటుంది? సంతకాలకి అందరూ ఒకచోట కలవడం కుదరక అది ఆగిందంతే.

కలవడం మరుసటి ఏడు కుదిరింది. మా ఊళ్లో కాదు, విజయవాడ సింగ్‌నగర్‌లో.

2024 ఆగస్టు 31న పట్టిన వాన రాత్రంతా వదల్లేదు. సెప్టెంబరు 1, ఆదివారం, బుడమేరు విజయవాడలోకి వచ్చింది. అదే వరదలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.4 లక్షల క్యూసెక్కులు దాటింది. 1957లో బ్యారేజీ కట్టిన దగ్గర్నుంచి అంత నీరు అది చూడలేదు. ఊరంతా కృష్ణ వైపు చూస్తూ ఉంది. కృష్ణలంకని రిటైనింగ్ వాల్ కాపాడింది. మునిగింది మాత్రం అటువైపు, ఎప్పుడూ ఎవరూ పెద్దగా పట్టించుకోని వాగు పక్కన. మైలవరం కొండల్లోంచి వచ్చి కొల్లేరులో కలవాల్సిన బుడమేరు, మళ్లింపు కాలవ గట్టుకి గండ్లు పడి, అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేటల మీద పడింది.

మా మేనత్త కొడుకు ఇల్లు సింగ్‌నగర్‌లోనే. రెండంతస్తుల స్లాబు ఇల్లు, కింద తాను, పైన అద్దెకున్నవాళ్లు. కింద వాటాలో మెడలోతు నీళ్లు. బావా అత్తయ్యా పిల్లలూ అద్దెవాళ్ల గదిలో వాళ్లతో పాటే వారం గడిపారు. నీళ్లు తీశాక ఫైరింజన్లు వచ్చి వీధులూ ఇళ్లూ కడిగాయి. ప్రభుత్వం కింది వాటాలకి 25,000 రూపాయలు, పై అంతస్తులకి 10,000 ఇచ్చింది. అయితే ఫ్రిజ్ వెనక, స్విచ్‌బోర్డుల్లో, బీరువా అరల్లో మడిచిపెట్టిన పట్టుచీరల మధ్య చేరిన ఒండ్రు ఫైరింజనుకి పోయేది కాదు. మా ఊరి నుంచి ట్రాక్టరేసుకుని పద్నాలుగు మంది వెళ్లారు. పారలు, కొబ్బరి చీపుళ్లు, బ్లీచింగ్ పౌడరు, మంచినీళ్ల క్యాన్లు, రెండు గంగాళాల పులిహోర. నాలుగు రోజులు అక్కడే ఉన్నారు. చుట్టాల ఇంటితో మొదలుపెట్టి పక్కింటిదీ ఎదురింటిదీ కూడా ఎత్తిపోశారు.

నాలుగో రాత్రి మేడమెట్ల మీద కూర్చుని బావ అడిగాడు: "మీ ఇంటికి ఎప్పుడు రమ్మంటావు మావయ్యా?"

"మా ఇంటికేమైందిరా?" అన్నాడు బాబాయి.

"ఏమీ కాలేదులే. బక్కెట్లు నిండుతున్నాయిగా."

పెద్దమ్మకి ఒక అలవాటుంది. వంటింట్లో వేలాడే వెంకట్రామా క్యాలెండరులో పాల లెక్క రాస్తుంది. ఏ రోజు ఎన్ని గిద్దలు, ఏ రోజు పాలు రాలేదు, అన్నీ ఆ తేదీ గడిలోనే పెన్సిలుతో. ఎవరైనా ఇంట్లో పనికి సాయం వచ్చినా అందులోనే రాస్తుంది. ధాన్యం ఎత్తిన రోజు ఎవరు చెయ్యేశారో, పెళ్లిపందిరి వేయడానికి ఎవరు వచ్చారో. ఇంట్లో చదువుకున్నవాళ్లెవరికీ అర్థం కాని పొడి అక్షరాలు. 2024 సెప్టెంబరు పేజీలో 'సిం.న' అని నాలుగు గళ్లున్నాయి. ఏడాది మారినా ఆ క్యాలెండరు పారెయ్యలేదు. కొత్తదాని వెనకే మేకుకి ఉంది.

పని మొదలుపెట్టింది 2025 ఉగాది వెళ్లాక. కాలవలు కట్టేసి ఉంటాయి, చేలల్లో నీళ్లుండవు, నుయ్యి అడుగంటుతుంది. డెల్టాలో గోడ ముట్టుకోవాలంటే అదే సమయం. మిగతా ఏడాదంతా ఇక్కడ ఇళ్లు నీళ్ల మధ్య నిలబడి ఉంటాయి. 1855 నాటికి ఆనకట్ట పూర్తయి కాలవలు పారిన దగ్గర్నుంచి ఈ నేలకి వరి తెలుసు, వరి వెంట వచ్చే చెమ్మ కూడా తెలుసు. నాట్లు పడ్డాక మా నూతిలో నీళ్లు చేదకి మోచేతి దూరంలోకి వస్తాయి. ఆ నీరే గోడల్లోకి ఎక్కుతుంది.

పాతవాళ్లు దీన్ని ఆపలేదు. ఆపలేమని తెలుసు. ఇటుక గోడకి సున్నం పూశారు. సున్నపు పూత లోపలికి ఎక్కిన చెమ్మని బయటికి వదిలేస్తుంది. గోడ తడుస్తూ ఆరుతూ ఉంటుంది. ఎనభైల్లో మా నాన్న దీనికి మందు కనిపెట్టాడు. అడుగు నుంచి మూడడుగుల ఎత్తు దాకా సిమెంటు ప్లాస్టరింగు. అప్పట్లో అది ఆధునికం. సిమెంటు చెమ్మని బయటికి పోనివ్వదు. దారి మూసుకుపోయిన నీరు ఇంకాస్త పైకెక్కి, సిమెంటు ఆగిపోయిన చోట, సరిగ్గా తాతయ్య ఫొటో వెనక, ఉప్పుపొరలై పైకి వచ్చింది. పదేళ్లకోసారి ఫొటోకి ఫ్రేము మార్పించాం. కారణం మాత్రం ఎవరూ గోడలో వెతకలేదు.

నేల సంగతి ఇంకో చిక్కు. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కాలు పట్టేంత నెర్రెలిస్తుంది. పైన ఉన్న ఇంటినీ దాంతోపాటే లేపి దించుతుంది. దీనికోసం రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అడుగున గంటలా వెడల్పయ్యే పైల్ పునాదులు రూపొందించింది, ఇంజినీర్లు ఇప్పుడు వాటిని వాడతారు. మా ఇంటి కింద ఏముందో చూద్దామని పడమటి మూల ఒకచోట తవ్వాం. వెడల్పాటి గుంట, దాన్నిండా ఇసుక, ఆ ఇసుక మీద ఇటుక. రెండడుగుల మందాన, ఇప్పటికీ చేత్తో తీస్తే జారే ఏటి ఇసుక. మట్టి ఎంత ఉబ్బినా ఇసుక సర్దుకుంటుంది. 2019లో ఇసుక దొరక్క రాష్ట్రంలో మేస్త్రీలు ఖాళీగా కూర్చున్న రోజులు గుర్తున్నవాళ్లకి, ఒక మామూలు రైతు ఇంటి కింద అంత ఇసుక చూస్తే కాస్త అసూయ కూడా పుడుతుంది.

గోడలకి మళ్లీ సున్నం పూసే తాపీ మేస్త్రి దొరకడం అన్నిటికన్నా కష్టమైంది. విజయవాడలో నేనడిగిన వాళ్లలో ఇద్దరు సున్నం అనగానే వెల్ల అనుకున్నారు. చివరికి పక్క ఊళ్లో డెబ్బై దాటిన పెద్దాయన ఒకరున్నారని తెలిసింది. కొడుకులిద్దరూ హైదరాబాదులో ఫ్లోరింగు టైల్సు వేస్తారు. వెళ్లి అడిగితే చాలాసేపు ఏమీ అనలేదు. "గానుగేదండీ?" అన్నారు ఆఖరికి.

గానుగ మా ఊరి చెరువుగట్టు మీదే ఉంది. గుండ్రటి రాతి గాడి సగం మట్టిలో కూరుకుపోయి, అందులో తిరగాల్సిన రాతి చక్రం పక్కకి ఒరిగి. సాయంత్రాలు కుర్రాళ్లు దాని మీద కూర్చుని ఫోన్లు చూసుకుంటారు. ఎద్దు తిరిగేది, చక్రం దొర్లేది, సున్నమూ ఇసుకా వెన్నలా నలిగేవి. ఇప్పుడు ఎద్దు ఎక్కడ తెస్తాం? కాంక్రీటు కలిపే చిన్న మిల్లరు అద్దెకి తెచ్చాం. మేస్త్రి గారు దాని వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. అయినా ఒప్పుకున్నారు, ఒక షరతు మీద: "మీవాళ్లలో రోజుకి ఇద్దరు నా మాట వినాల. మిగతావాళ్లు మాట్లాడకుండా ఉండాల."

మొదటిది కుదిరింది. రెండోది కుదర్లేదు.

కాల్చిన సున్నపురాయి తొట్టిలో పోసి నీళ్లు పోస్తే అది బుసకొట్టి పొగలు కక్కింది. హైదరాబాదు నుంచి వచ్చిన పిల్లలు పరిగెత్తారు, మళ్లీ దగ్గరికొచ్చారు. మూడు వారాలు నీళ్ల కింద ముంచి ఉంచాం. కరక్కాయలు దంచి నానేశాం. ఆ నీళ్లూ నల్లబెల్లం నీళ్లూ కలిపి సున్నంలో పోస్తే పట్టు బాగుంటుందని మేస్త్రి గారి మాట. బెల్లం కొలతలో ఆయన తక్కెడ వాడలేదు, వేలుకి రాసి నాలిక మీద పెట్టుకుని చూసి "ఇంకొంచెం" అన్నారు. సిమెంటులా ఇది పూటలో గట్టిపడదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువుని మెల్లగా తాగుతూ మళ్లీ రాయిగా మారుతుంది. అందుకని రోజూ తడపాలి, ఎండ తగలకుండా గోనెలు కట్టాలి. "తొందరపడితే పగులుద్ది" అనేవారు రోజుకి నాలుగుసార్లు. తడిపే పని మా చిన్న చెల్లెలిది. బ్యాంకు ఉద్యోగానికి రెండు వారాలు సెలవు పెట్టి వచ్చింది. రెండో వారంలో దానికి గోడ రంగు చూసే ఏ మూల ఆరిందో చెప్పడం వచ్చేసింది. మేస్త్రి గారు దాన్ని "అమ్మగారూ" అనడం మానేసి "అమ్మాయ్" అన్నారు. ఆ ఇంట్లో అంతకన్నా పెద్ద బిరుదు ఇంకెవరికీ రాలేదు.

సావిడి దూలం ఒకటి గోడలో కూర్చున్న కొసన చెద తినేసింది. పొడిచి చూస్తే స్క్రూడ్రైవరు పిడి దాకా దిగింది. మిగతా పద్నాలుగడుగులూ కంచులా ఉంది. వడ్రంగి మొత్తం మార్చాలన్నాడు. అంత పొడుగు టేకు దూలం ధర విని అందరం కూర్చుండిపోయాం. అప్పుడు నా చిన్నప్పటి స్నేహితుడు, విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టేవాడు, ఒక ఆదివారం వచ్చి దూలం కింద పడుకుని చూశాడు. "ఛాసిస్ విరిగితే లారీ పారేస్తామా?" అన్నాడు. చెడిన కొస కోసేసి, అంతే మందం పాత టేకు ముక్క అతికించి, రెండు పక్కలా ఇనుప పట్టీలు పెట్టి బోల్టులు బిగించాడు. పట్టీలకి లారీలకి వేసే ఎర్ర ప్రైమరే కొట్టాడు. రంగు కలవలేదని పెదనాన్న కొడుకు గొణిగాడు. నాకు మాత్రం ఇంట్లో అన్నిటికన్నా అదే నచ్చుతుంది, బెజవాడ అక్కడ సంతకం పెట్టినట్టు.

దూలం దించినప్పుడు దాని పైమొహాన ఉలితో చెక్కిన తెలుగు అంకెలు కనిపించాయి. ౩, ౪. వాసాలకీ అలాగే. పని నేల మీద చేసుకుని, పైకెక్కించేటప్పుడు ఏది ఎక్కడికో తెలియడానికి వడ్రంగి వేసుకున్న గుర్తులు. మా వడ్రంగికి ఆ అంకెలు చదవడం రాలేదు. బడిలో తెలుగు అంకెలు నేర్చుకున్న ఆఖరి తరం పెదనాన్నది. ఆయన కుర్చీలో కూర్చుని చదివి చెబుతుంటే మేం ఎక్కించాం.

పెంకులు దింపిన రోజు మే నెల రెండో ఆదివారం. కప్పు విస్తీర్ణానికి 2,600 పెంకులు తేలాయి. ఒక్కోటి రెండున్నర కిలోలు అనుకున్నా ఆరు టన్నుల పైమాట. తెల్లారుజామున అయిదింటికి మొదలుపెట్టి ఎండెక్కే లోపు ఆపేయాలి. కప్పు మీద ఇద్దరు, పరంజా మీద నలుగురు, అక్కణ్నుంచి పెరట్లోకి వరసగా పదహారు మంది. తొమ్మిదేళ్ల మనవరాలి దగ్గర్నుంచి డెబ్బై నాలుగేళ్ల బాబాయి దాకా. బావ సింగ్‌నగర్ నుంచి తనతో పాటు ఇద్దరిని తెచ్చాడు. వాళ్లు మాకు చుట్టాలు కారు. ఎదురింటివాళ్లు, సెప్టెంబరులో మావాళ్లు ఒండ్రు ఎత్తిపోసిన ఇంటివాళ్లు.

పెరట్లో ప్రతి పెంకునీ వేలి కణుపుతో కొట్టి చూడాలి. మంచిది ఖంగుమంటుంది. కంటికి కనపడని బీట ఉంటే మొద్దుగా పలుకుతుంది. గంట తిరిగేసరికి ఆ తొమ్మిదేళ్ల పిల్ల మా అందరికన్నా బాగా పట్టేస్తోంది. చాలకపోయినవి మూడొందల పది. అక్కడే తంటా వచ్చింది. ఒక కంపెనీ పెంకు గాడి ఇంకో కంపెనీ పెంకుకి పట్టదు. బావ స్నేహితులు వాట్సాప్‌లో ఫొటోలు తిప్పి, గుడివాడ దగ్గర కూల్చేస్తున్న ఇల్లొకటి పట్టుకున్నారు. ఆ ఇంటాయన పెంకుకి ఎనిమిది రూపాయల దగ్గర గట్టిగా నిలబడ్డాడు, ఒక్క రూపాయి దిగలేదు. లెక్కపెట్టి ఎక్కించాక కొసరుగా ఇంకో పది ఇచ్చాడు. వాళ్ల సావిడి కప్పు ఇప్పుడు మా పడమటి గది మీద ఉంది.

జపాన్‌లో షిరకవ-గో అని కొండల మధ్య ఒక గ్రామం ఉంది. 1995లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడి ఇళ్లకి నిటారైన గడ్డి కప్పులు. ముప్పై నలభై ఏళ్లకోసారి మార్చాలి, మార్చాలంటే వందమంది పైగా చెయ్యేయాలి. అలా ఊరంతా ఒక ఇంటికి వచ్చి, ఆ ఇంటివాళ్లు మళ్లీ మిగతా ఇళ్లకి వెళ్లే పద్ధతికి 'యుయి' అని పేరు. భోజనాల దగ్గర ఈ కబురు చెబితే పెద్దమ్మ, "అయితే వాళ్లకీ క్యాలెండర్లున్నాయన్నమాట" అంది. మనకి ఉండేది కూడా అదే. తాటాకిల్లు రెండు మూడేళ్లకోసారి నేయించాల్సిందే. ఆ రోజు చుట్టుపక్కల మగవాళ్లు తలా ఒక చెయ్యి, మర్నాడు వాళ్ల ఇంటికి వీళ్లు. డబ్బు మాట రాదు, అలాగని ఊరికే కూడా కాదు. తాటాకు పోయింది, పెంకు పోతోంది, స్లాబుకి ఏటా ఎవరూ అక్కర్లేదు. ఇరవై ఏళ్లకి పెచ్చులూడి చువ్వలు బయటపడ్డప్పుడు అవసరమయ్యేది మనుషులు కాదు, కంపెనీ.

ఇంతా రాశాక ఒక మాట ఒప్పుకోవాలి. నాన్న స్నేహితుడొకాయన, అవనిగడ్డ వైపు వ్యక్తి, పని చూడ్డానికి వచ్చారు. నీటిపారుదల శాఖలో లస్కరుగా చేసి దిగిపోయిన మనిషి. పంచలో కూర్చుని టీ తాగి, కప్పు వైపు చూసి, "మీ ముచ్చట మీది. ఆ రాత్రి చూసినవాడెవడూ పెంకు కింద నిద్రపోడు" అన్నారు. 1977 నవంబరు 19. దివిసీమని సముద్రం ముంచెత్తిన రోజు. వేలమంది పోయారు. పెంకులు గాల్లో కత్తుల్లా ఎగిరాయని ఆయన చెబుతుంటే పిల్లలు కూడా కదల్లేదు. అది చూసినవాళ్లు స్లాబు కావాలంటే, వాళ్లకి పాత ఇళ్ల అందం గురించి పాఠం చెప్పే అర్హత నాకు లేదు. వెనక వైపు ఒక గదికి మేమూ స్లాబు వేశాం. బియ్యం, కాగితాలు, తుపాను హెచ్చరిక వస్తే మనుషులు అందులోకి. బాత్రూములు కూడా అటే. ఇక్కడ మాత్రం సిమెంటుని ఎవరూ తప్పుపట్టలేదు.

గొడవలు లేకుండా జరిగిందని ఎవరైనా చెబితే నమ్మకండి. గుంటూరు నుంచి వచ్చిన ఒక దూరపు చుట్టం నుయ్యి ఆగ్నేయంలో ఉందనీ, పూడ్పించకపోతే ఇంటికి అరిష్టమనీ రెండు రోజులు వెంటపడ్డాడు. "నుయ్యిని జరపలేం. నువ్వే కాస్త జరుగు, నీళ్లు చేదుకోవాలి" అన్నాడు బాబాయి. పెదనాన్న కొడుక్కి గదిలో ఏసీ కావాలి, అందుకు ఫాల్స్ సీలింగు కావాలి, అది వేస్తే ఆ గది తాటి దూలాలు కనపడవు. మూడు రోజులు ఇద్దరం మాట్లాడుకోలేదు. ఏసీ వచ్చింది, ఆ ఒక్క గదికి. ఫాల్స్ సీలింగు కింద వాడు హాయిగా నిద్రపోతున్నాడు, నేను పంచలో దోమతెర కట్టుకుని పడుకుంటున్నాను. ఎవరు గెలిచారో చెప్పడం కష్టం.

అసలు గొడవ కావాల్సినచోట మాత్రం కాలేదు. అది వంటింట్లో. పని ముమ్మరంగా నడిచిన తొమ్మిది రోజులు ఇంట్లో ఇరవై ఇద్దరికి తక్కువ కాకుండా విస్తళ్లు లేచాయి. పొద్దున్నే చద్దన్నంలోకి ఉల్లిపాయ, ఆవకాయ. మధ్యాహ్నం పప్పు, గోంగూర, చారు, పెరుగు. సాయంత్రం టీలు, ఆపైన నూజివీడు రసాలు గంపల కొద్దీ. వండింది పెద్దమ్మ, అత్తయ్య, మా వదిన. అదే ఎండలో, పెంకు తీసేసిన కప్పు కింద, తలకి తుండు కట్టుకుని. క్యాలెండరులో సున్నం తొక్కినవాళ్ల పేర్లున్నాయి, పెంకులందించినవాళ్ల పేర్లున్నాయి. ఈ ముగ్గురివీ లేవు. అడిగితే పెద్దమ్మ, "మేం ఇంట్లోవాళ్లమేగా" అంది.

"నేను ఇంట్లోదాన్ని ఎప్పటినుంచీ?" అంది అత్తయ్య, గరిటె ఆపకుండానే.

అత్తయ్య పెళ్లి 1979లో. ఎన్టీఆర్ ప్రభుత్వం ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో వాటా ఇస్తూ తెచ్చిన చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది, కానీ అప్పటికి పెళ్లికానివాళ్లకే. అత్తయ్య ఆరేళ్ల తేడాలో తప్పిపోయింది. 2005లో కేంద్రం చేసిన సవరణ పెళ్లయినవాళ్లనీ కలుపుకుంది. తండ్రి అప్పటికే చనిపోయినా కూతురి హక్కు పోదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. బాబాయి గుడివాడలో ప్లీడరు గుమస్తాగా చేసిన మనిషి, ఇదంతా ఆయనకి కంఠస్థం. ఆ మధ్యాహ్నం చెయ్యి కడుక్కుంటూ, ఎవరూ అడక్కుండానే, "లెక్క ప్రకారం నీకూ వాటా ఉందే అమ్మాయ్" అన్నాడు. సావిడి మొత్తం నిశ్శబ్దమైపోయింది. అన్నదమ్ముల పిల్లలం ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం, అందులో నేనూ ఉన్నానని చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

"వాటా సంగతి కాగితాలు రాసేనాడు చూద్దాం అన్నయ్యా," అంది అత్తయ్య. "ముందా పొయ్యి గట్టు నా నడుముకి సరిపోయే ఎత్తున కట్టించు. అమ్మా నేనూ వంగి వంగి చచ్చాం."

మర్నాడు మేస్త్రి గారు అత్తయ్యని నిలబెట్టి, మోచేతి కిందకి బెత్తెడు కొలిచి, గోడ మీద సుద్దతో గీత గీశారు. కడపరాయి గట్టు ఇప్పుడు ఆ గీత మీదే ఉంది. పొడుగ్గా ఉండే మా వదినకి అది కాస్త తక్కువే. ఆ రోజు గడిలో పెద్దమ్మ మూడు కొత్త పొడి అక్షరాలు రాసింది. వాటా మాట మళ్లీ రావాల్సి ఉంది, వస్తుంది కూడా. కాగితాల మీద అది ఇంకా తేలలేదు.

ఖర్చు అడిగేవాళ్ల కోసం: స్లాబు ఇంటికి ఆ కాంట్రాక్టరు చెప్పినదాంట్లో మూడో వంతు అయింది. ఇది విని ఎవరూ ఉత్సాహపడకండి. చెల్లెలి రెండు వారాల సెలవు, ఆటోనగర్ స్నేహితుడి నాలుగు ఆదివారాలు, ఇరవై ఇద్దరి భోజనాలు ఆ లెక్కలో లేవు. మేస్త్రి గారికీ వడ్రంగికీ కూలి పూర్తిగా ఇచ్చాం. సాయానికి వచ్చినవాళ్ల వల్ల వాళ్ల పని తొందరగా అయిందా, ఆలస్యమైందా అంటే, మేస్త్రి గారు నవ్వి ఊరుకుంటారు. పైగా ఇది అయిపోయే పని కాదు. ఏటా మృగశిర కార్తెకి ముందు ఎవరో ఒకరు కప్పెక్కాలి. ఆకులు ఊడ్చాలి, కోతులు కదిపిన పెంకులు సర్దాలి, సంక్రాంతికి వెల్ల వేయాలి. ఎవరెక్కుతారన్నది ఇంకా ఖాయం కాలేదు. మోకాళ్లు బాగున్నవాళ్లు ముగ్గురే ఉన్నారు, వాళ్లలో ఇద్దరు హైదరాబాదులో.

రోహిణి కార్తె ఎండల్లో ఆఖరి వరస పెంకు వేశాం. జూన్‌లో ఒక రాత్రి, పదకొండు దాటాక, మొదటి గట్టి వాన. విజయవాడలో నా ఫ్లాటు కిటికీ అద్దాల మీద పడుతున్న చినుకులు చూస్తూ ఫోను చేద్దామా వద్దా అనుకుంటుంటే, కుటుంబం గ్రూపులో అప్పటికే సందడి మొదలైంది. డాలస్‌లో మధ్యాహ్నం.

"ఎక్కడైనా కారుతోందా?"

బాబాయి టార్చి పట్టుకుని ఇల్లంతా తిరిగాడట. పావుగంట తర్వాత జవాబు వచ్చింది. సావిడి పొడి. పడమటి గది పొడి, గుడివాడ పెంకులు పట్టాయి. వంటింటి వసారాలో ఒక్కచోట చుక్క.

"ఏ పెంకు?"

"1865 తీసినచోట పెట్టినది."

"గిన్నె పెట్టారా?"

మాట రాలేదు, ఆడియో వచ్చింది. ఏడు సెకన్లు. వాన హోరు, దాని మధ్యలో స్టీలు గిన్నెలో ఠంగున పడుతున్న చుక్క, ఎక్కడో వెనక పెద్దమ్మ గొంతు: "ఆ నిచ్చెన ఎవరింట్లో ఉందో కనుక్కోండ్రా."